ఎవరి ఇంటి దుమ్ము

“పిల్లి వెంట్రుకలే ఇవి. నేను రోజూ హోటల్ దుప్పట్ల మీద చూస్తూనే ఉంటాను,” అంది చిన్నకోడలు.



భోజనాల బల్ల మీద పరిచిన పాత పేపరు మధ్య గాలి శుభ్రంచేసే మిషను ఫిల్టరు నిలబడి ఉంది, మూతా అడుగూ లేని డబ్బాలా. చుట్టూ తెల్ల కాగితపు కుచ్చిళ్ళు. ఆ మడతల్లోంచి ఆమె పట్టకారుతో లాగిన నారింజరంగు వెంట్రుకలు పేపరు మీద కుప్పగా పడున్నాయి. వాటి పక్కన ఎండిపోయిన రెక్కల పురుగు ఒకటి. ఆ పక్కన, ఎవరు కత్తిరించి పారేసిందో, ఒక గోరు.

గోరును చూసి పెద్దకోడలు చూపు తిప్పేసుకుంది.

“మనింట్లో పిల్లి లేదు. అత్తయ్యగారికి పిల్లి గాలి సోకితేనే ఆయాసమని పక్కవాళ్ళ పిల్లిని గేటు కూడా దాటనివ్వం. మరి ఇవి ఎక్కణ్ణుంచి వచ్చాయి బావగారూ?”

పెద్దకొడుకు టీ చప్పరించి కప్పు కింద పెట్టాడు. “కిటికీలోంచి ఎగిరొచ్చుంటాయి. గాలి మిషను పని గాలి పీల్చడమేగా? పీల్చింది. అంటే పనిచేస్తోందన్నమాట. సంతోషించాలి గానీ పంచాయితీ ఎందుకు?”

“ఏ కిటికీ? పక్క బిల్డింగు పడగొట్టడం మొదలెట్టినప్పట్నుంచీ టేపు వేసి మూసే ఉంచాం.”

“అయితే కంపెనీలో పడుంటాయి.”

“కంపెనీలో కూర్చుని గోళ్ళు కత్తిరించుకుంటారా?”

చిన్నకొడుకు ఫక్కున నవ్వి, అన్న చూపు తగలగానే ఆ నవ్వును దగ్గులోకి మార్చేశాడు.

అసలు దగ్గు లోపలి గదిలో అత్తగారి దగ్గర్నుంచి వచ్చింది. నలుగురూ అటు చూశారు. ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కూర్చుని ఊళ్ళోవాళ్ళందర్నీ ఒకళ్ళతో ఒకళ్ళని కలిపిన గొంతు అది. ఇప్పుడు నాలుగు మాటలకొకసారి ఆగి గాలి వెతుక్కుంటోంది. పోయిన వారం పెదవులు నీలంగా మారితే ఆసుపత్రికి మోసుకెళ్ళి, నిన్ననే ఇంటికి తెచ్చుకున్నారు. పంపించేటప్పుడు డాక్టరు మందులకన్నా ముందు అడిగింది ఒక్కటే: “ఆవిడ మంచం పక్కన మిషను ఉందన్నారు. దాని ఫిల్టరు ఎప్పుడైనా తీసి చూశారా?”

తీసి చూసినందుకే ఇంత గొడవ.

ఆ ఫిల్టరు తెచ్చింది పెద్దకొడుకే. బజారులో అతనికి ఎలక్ట్రికల్ కొట్టుంది. ఇంట్లో బల్బు దగ్గర్నుంచి ఫ్యాను దాకా అన్నీ అక్కణ్ణుంచే వస్తాయి. పోయిన నెల తల్లి మంచం మీద కూర్చుని, అందరూ చూస్తుండగా పెట్టె విప్పి, సీలు చించి, “అమ్మా, నీకోసం స్పెషల్‌గా తెప్పించా, అసలు కంపెనీది,” అన్నాడు. ఆవిడ ఆ మాట ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పింది. ఆ తరవాతే దగ్గు ముదిరింది.

చిన్నకోడలు వంగి ఫిల్టరు వాసన చూసింది.

ముందు నిమ్మకాయ వాసన. షాంపూల్లో కలిపే రకం. దాని అడుగున ఇంకోటి. ఎవరో వంటింట్లో రోజూ మాడబెట్టిన నూనె, ఎవరో తలుపు వేసుకుని తాగిన సిగరెట్టు, తడిసి ఆరని గోడ. ఆమె ఒక పెద్ద హోటల్లో లాండ్రీ సూపర్‌వైజరు. మురికిని దాచడానికి చల్లిన సెంటును పదడుగుల దూరంలోంచే పట్టేస్తుంది. పైన పటారం, లోన లొటారం. చటుక్కున వెనక్కి జరిగింది. ఈ గాలినే అత్తగారు పీల్చింది. రాత్రనకా పగలనకా, మంచిదని నమ్మి, మొహం మిషనుకి దగ్గరగా పెట్టుకుని మరీ.

“ఇది వాడిన ఫిల్టరు. దులిపి, సెంటు కొట్టి, మళ్ళీ కవరేశారు. మీకెవరో అంటగట్టారు బావగారూ. ఎవరి దగ్గర కొన్నారో చెప్పండి, వెళ్ళి అడుగుదాం.”

ఆమె అతణ్ణి తప్పించడానికే ఆ మాట అంది. మోసపోయాడనే అనుకుంది అప్పటికి. కానీ పెద్దకొడుకు మొహం ఎర్రబడింది.

“ఇరవై ఏళ్ళుగా కొట్టు నడుపుతున్నా. నాకు సరుకు గురించి బట్టలుతికేవాళ్ళు చెప్పాలా?”

“అన్నయ్యా,” అన్నాడు చిన్నకొడుకు.

“నువ్వు ఆగరా. మీ ఆవిడకి నా సరుకు నచ్చకపోతే మీరే తెచ్చుకోండి. మొగుడూ పెళ్ళాం కలిసి బజారంతా తిరగండి. ఆ మోడలు కంపెనీవాడే ఆపేశాడు. దొరికితే మీసం తీయించుకుంటా!”

అతను చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ వెనకే పెద్దకోడలు కూడా లేచింది.  వెళ్తూ వెళ్తూ ఫిల్టరు పక్కకి పెట్టి, ఆ పేపరు నాలుగు మూలలూ పట్టుకుని, వెంట్రుకలతో సహా మడిచి, చెత్తబుట్టలో పడేసి పోయింది.

*

సరైన ఫిల్టరు దొరకాలంటే ముందు మిషను పేరు తెలియాలి. పేరు ముందువైపే ఉంది గానీ, ఆ పేరుతో కంపెనీ రకరకాల మిషన్లు చేసింది. తేడా అంతా అడుగున ఉన్న నంబరులో ఉంది. చిన్నకోడలు మిషనును బోర్లించి, జిడ్డు పట్టిన స్టిక్కరును సబ్బునీళ్ళ గుడ్డతో మెల్లగా తుడిచింది. నంబరు తేలింది. ఆ చివర, ఇంతకాలం ఎవరూ చూడని చిన్న అక్షరం కూడా తేలింది.

పాత ఫిల్టరును సంచిలో వేసుకుని, ఆ సంచిని ఒంటికి తగలకుండా ఎడంగా పట్టుకుని, భర్తతో బయల్దేరింది.

మొదటి కొట్టువాడు పలక లాంటి ఫిల్టరు తెచ్చి చూపించాడు.

“మాది గుండ్రంగా ఉంటుందండీ,” అన్నాడు చిన్నకొడుకు.

“వంచితే గుండ్రమే కదా సార్?”

రెండోవాడి దగ్గర గుండ్రటిదే దొరికింది గానీ వేలెడు పొట్టి.

“పైన కాస్త ఖాళీ ఉంటుందంతే. దాన్దేముందమ్మా!”

“ఆ ఖాళీలోంచే గాలి పోతుంది. మురికి మురికిలాగే బయటికొస్తుంది. ఇంక ఫిల్టరు ఎందుకు?”

“వెంట్రుకవాసి తేడాకి ఇంత రాద్ధాంతమేంటమ్మా.”

వెంట్రుక అన్న మాట వినగానే ఆమె సంచి లాక్కుంది. బయటికొచ్చి ఉమ్మేసింది. వీధిలో ఉమ్మేసే మనిషి కాదు ఆమె. భర్త ఆశ్చర్యంగా చూశాడు.

“దాన్ని ఎందుకంత పట్టుకుంటావు?” అన్నాడు మెల్లగా. “మారుద్దాం. మారిస్తే అయిపోతుందిగా.”

అతను లిఫ్టులు బాగుచేస్తాడు. మెత్తటి మనిషి. ఇరుక్కుపోయిన లిఫ్టులో జనం అరుస్తుంటే బయట నిలబడి వాళ్ళని నవ్వించి, భయం పోగొట్టి, ఆ తరవాత తలుపు తీసే రకం. ఇంట్లోనూ అంతే. ఎవరి గొంతు లేచినా తను తగ్గి సర్దేస్తాడు. ఆ గుణం చూసే ఆమె అతణ్ణి చేసుకుంది.

మూడో కొట్టులో ముసలాయన సంచిలోకి తొంగి చూసి, తల ఊపి, పైఅరలోంచి పెట్టె దింపాడు. పెట్టె మీద బొమ్మ సరిగ్గా ఉంది. పొడవు సరిగ్గా ఉంది. సీలు మెరుస్తోంది. చిన్నకొడుకు “హమ్మయ్య” అన్నాడు.

ఆమె పెట్టెను ముక్కు దగ్గరికి తెచ్చుకుని, వెంటనే కింద పెట్టేసింది.

“ఇది వద్దు. నిమ్మకాయ వాసన.”

“వాసన మంచిదేగా తల్లీ?”

“కొత్త ఫిల్టరుకి ఏ వాసనా ఉండదు. ఎవరు వేశారు మీకీ సరుకు?”

ముసలాయన ఆమె మీదుగా చిన్నకొడుకు వైపు చూసి నవ్వాడు. “అదేంటి బాబూ, ఇంట్లో చెప్పలేదా? మీ అన్నగారి సరుకే ఇది. ఈ లైనులో కొట్లన్నిటికీ ఆయనే వేస్తాడు. పాతది ఇస్తే కొత్తది తగ్గించి ఇస్తానని బోర్డు కూడా పెట్టాడుగా.”

“మరి ఆ పాతవి ఏం చేస్తారు?” అంది ఆమె.

“అది మీరు ఇంట్లో అడగాల్సిన మాట, నన్ను కాదు.” నవ్వు తగ్గించుకుని ముసలాయన గొంతు మార్చాడు. “మీకు అసలుదే కావాలంటే కంపెనీ సర్వీసు కౌంటరుకి పొండి. నంబరు చివర అక్షరమున్న మిషన్లకి వేరే ఫిల్టరు వస్తుంది. వాళ్ళ దగ్గర తప్ప బయట దొరకదు.”

రోడ్డు మీదికొచ్చాక ఆమె భర్తను అడిగింది. “పాతవి ఏం చేస్తారండీ మీ అన్నయ్య?”

“పారేస్తాడేమో.”

“ఎక్కడ?”

“నాకేం తెలుసు? నేను లిఫ్టులవాణ్ణి.”

ఆమె వైపు చూడకుండా రోడ్డు దాటేశాడు. డ్యూటీకి ఆలస్యమవుతోందని చెప్పి బస్సెక్కాడు. ఆ బస్సు అతని పనివైపు పోయేది కాదు.

*

బావగారి కొట్టు వెనక సందులో గోడౌను షట్టరు సగం దించి ఉంది. లోపలినుంచి ఎవరో పరుపు దులుపుతున్నట్టు చప్పుడు. ఆమె వంగి లోపలికి వెళ్ళింది.

మొదట కనిపించింది దుమ్ము. ట్యూబులైటు వెలుగులో పొగమంచులా తేలుతోంది. తరవాత నేల కనిపించింది. గోడ వారన బూడిదరంగు దూది కొండలా పేరుకుంది. దూది కాదది. వెంట్రుకలు, నూలుపోగులు, పురుగుల రెక్కలు, చర్మపు పొట్టు, అన్నీ కలిసి ముద్ద కట్టి, ఎవరో నమిలి ఉమ్మినట్టు. ఎన్ని ఇళ్ళవో, ఎందరివో, ఏయే జబ్బులవో. ఆమె మోచేతిని ముక్కుకి అడ్డం పెట్టుకుంది. అయినా నాలుక మీద ఉప్పగా తగిలింది ఆ గాలి.

నేల మీద పీట వేసుకుని, తలకీ మూతికీ గుడ్డ చుట్టుకున్న ఒక ఆడమనిషి ఒళ్ళో ఫిల్టరు పెట్టుకుని బ్రష్షుతో మడత మడతా గీకుతోంది. పక్కన నిమ్మరంగు నీళ్ళున్న స్ప్రే సీసా. ఇంకోపక్క మడిచిన కొత్త అట్టపెట్టెలు, కవరు అతికించే సీలు మిషను.

ఆ మనిషి తలెత్తింది. కళ్ళు తప్ప ఏమీ కనిపించడం లేదు. ఆ కళ్ళు చాలు.

“అక్కా!”

పెద్దకోడలు బ్రష్షు కింద పెట్టింది.

“నువ్వెందుకొచ్చావే ఇక్కడికి?”

చిన్నకోడలు ఆవిడ తలకున్న గుడ్డవైపు చూసింది. కొట్టులో సాయం చేసి సాయంత్రం ఇంటికి రాగానే ఎవరితోనూ మాట్లాడకుండా ఈవిడ స్నానాలగదిలో దూరేది. తలంటుకునే బయటికి వచ్చేది. శుభ్రం పిచ్చి అని అత్తగారితో కలిసి తనూ నవ్వింది. ఆ చేతులతో వడ్డించిన అన్నం తిన్నది. ఆ చేతులవైపు చూడకూడదనుకుంటూనే చూసింది. గోళ్ళ కింద నల్లగా ఉంది.

“అత్తయ్యగారిది కూడా నువ్వే కట్టావా?”

“తెలీదు.”

“తెలీకపోవడమేంటి?”

“నా చేతిలోంచి ఎన్నో పోతాయి. ఏది ఎక్కడికి పోతుందో చూడను. చూస్తే చెయ్యలేను.” మూతికున్న గుడ్డ కిందికి లాగింది. గుడ్డ ఉన్నంత మేర మొహం తెల్లగా, మిగతాది బూడిదగా ఉంది. “పొద్దున ఆ గోరు చూసినప్పుడు వాంతి ఆపుకున్నాను. ఇక్కడ రోజూ చూస్తాను, ఏమీ అనిపించదు. మన అన్నం తినే బల్ల మీద చూసేసరికి...”

“వద్దనలేకపోయావా?”

“వద్దన్నాను. నలుగురికీ తెలియకుండా జరగాలంటే పనివాళ్ళని పెట్టలేం, నువ్వే చెయ్యాలన్నాడు. ఒకసారి సీలు మిషను కాలిపోయింది. నా పీడ వదిలిందనుకున్నా. మళ్ళీ బాగుచేయించాడు.”

“ఎవరితో?”

పెద్దకోడలు బ్రష్షు తీసుకుంది. గుడ్డ మళ్ళీ మూతి మీదికి లాక్కుంది.

చిన్నకోడలు చుట్టూ చూసింది. షట్టరు పక్కన అట్టపెట్టెలు పేర్చి, తాడు కట్టి సిద్ధంగా ఉన్నాయి. పైపెట్టె మీద నల్ల మార్కరుతో లావుపాటి అక్షరాలు: పిల్లల ఆసుపత్రి, పసికందుల వార్డు.

“ఇవెప్పుడు పోతాయి?”

“రేపు పొద్దున.”

“అక్కా, ఇవి...”

“అవును. ఇవి కూడా,” అంది పెద్దకోడలు.

షట్టరు పైకి లేచింది. పెద్దకొడుకు లోపలికొచ్చి, ఇద్దర్నీ చూసి, షట్టరును పూర్తిగా కిందికి దించాడు. అతనిలో కంగారు లేదు. కుర్చీ లాక్కుని, దాని మీది దుమ్మును జేబురుమాలుతో తుడిచి, జేబురుమాలు దులిపి, అప్పుడు కూర్చున్నాడు.

“చూశావుగా? ఇప్పుడు ఏం చేస్తావు?”

“ఇది మనుషులు చేసే పనేనా బావగారూ?”

“నువ్వు చేసేదేంటి?” అన్నాడతను, చాలా తాపీగా. “ముక్కూ మొహం తెలియనివాళ్ళు పొర్లిన దుప్పట్లు ఉతికి, ఇస్త్రీ చేసి, ఇంకొకళ్ళ కింద పరవడమేగా? నీది ఉద్యోగం, నాది పాపమా? నేనూ దుమ్మే దులుపుతున్నా.”

“మేం ఉతుకుతాం. ఉతికిన దుప్పటి అని పడుకునేవాళ్ళకి తెలుసు. కొత్తదని చెప్పి పెట్టెలో పెట్టి అమ్మం. ఇది ఉతికితే పోయే గుడ్డ కాదు, లోపలికి ఇంకిపోయిన విషం. మీకు తెలుసు. తెలిసే నిమ్మకాయ కొడుతున్నారు.”

“జనానికి చవగ్గా కావాలి, కొత్తగా కనపడాలి. రెండూ నేనే ఇస్తున్నా. ఎవరూ చావలేదు.”

“పోయిన వారం మీ అమ్మగారి పెదాలు ఏ రంగులో ఉన్నాయో చూశారా మీరు?”

అతని మొహంలో మొదటిసారి ఏదో కదిలింది. కాసేపు నేల చూశాడు. సిగ్గుపడుతున్నాడనుకుంది ఆమె. ఒక్క క్షణం జాలి కూడా వేసింది.

“అమ్మకి అసలుదే తీసి పక్కన పెట్టా. నా తల్లికి నేను ఇలాంటిది పెడతానా? ఎక్కడో కలిసిపోయింది. పెట్టె విప్పినప్పుడు నాకే తెలియలేదు.” తలెత్తి భార్యవైపు చూశాడు. మీసం చివర నవ్వు లాంటిది మెదిలింది. “అంత బాగా కడుతుంది మీ అక్క.”

చిన్నకోడలు షట్టరు రెండు చేతులా ఎత్తి బయటికొచ్చింది. సందు మలుపులో గోడకి చెయ్యి ఆనించి, పొద్దున తిన్నదంతా కక్కేసింది.

*

సర్వీసు కౌంటరులో కూర్చున్నావిడ నంబరు అడిగింది. చివరి అక్షరం రెండుసార్లు చెప్పించుకుంది. లోపలికి వెళ్ళి పెట్టె తెచ్చింది. “ఇదే ఆఖరుది. మళ్ళీ వచ్చేదాకా జాగ్రత్తగా వాడుకోండి,” అంది. బజారంతా తిరిగినా దొరకనిది, అడగాల్సిన చోట అడిగితే మంచినీళ్ళడిగినంత తేలిగ్గా దొరికింది.

సాయంత్రం ఇంటికొచ్చాక ఆమె చేతులు మోచేతుల దాకా కడుక్కుంది. తుడుచుకుని మళ్ళీ కడుక్కుంది. అప్పుడు పెట్టె విప్పింది. సీలు తీసి మొహం దగ్గర పెట్టుకుంటే ఏ వాసనా రాలేదు. ఏ వాసనా లేకపోవడం అంత బాగుంటుందని ఆమెకి అంతవరకూ తెలియదు.

మిషనులో పెట్టి తిప్పితే ‘టక్’మని కూర్చుంది. ఎక్కడా వెంట్రుకవాసి సందు లేదు. ఎర్రలైటు పోయి పచ్చలైటు వెలిగింది.

మంచం మీద దిండ్లకి ఆనుకుని కూర్చున్న అత్తగారు ఇదంతా చూస్తూనే ఉంది.

“ఎంత బాగా పనిచేస్తోందో చూడండత్తయ్యా. గంటలో మీకే తెలుస్తుంది.”

“తీసెయ్.”

“ఏంటి?”

“అది తీసెయ్. పెద్దాడు తెచ్చింది పెట్టు.”

వినడంలో పొరపాటేమో అనుకుంది. గుమ్మంలో భర్త నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో. అతనూ వినే ఉంటాడు.

“అది ఎలాంటిదో మీకు తెలీదత్తయ్యా...”

“తెలుసు. పెద్దాడు ఫోన్ చేశాడు. అంతా చెప్పాడు.” అత్తగారు ఆగి, గాలి పీల్చుకుని, మళ్ళీ అందుకుంది. “ఏడ్చాడు. వాడి తండ్రి పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. వాడు తెచ్చింది తీసి పారేశామనుకో, ఇంక వాడు ఈ గదిలోకి వచ్చి నా మొహం చూడగలడా?”

“మీకు ఊపిరాడక ప్రాణం మీదికొచ్చింది.”

“నా ఊపిరి నా ఇష్టం.”

కాకిపిల్ల కాకికి ముద్దంటారు. తల్లి ప్రేమ అనేదాన్ని చూసి ఏవగింపు కలుగుతుందని ఎవరైనా చెబితే చిన్నకోడలు నమ్మేది కాదు. ఇప్పుడు కలిగింది. మంచం మీద నలిగిన దుప్పటి, మందు సీసా, సగం తాగిన నీళ్ళగ్లాసు, అన్నిటి మీదా ఆ బూడిదరంగు ముద్ద పరుచుకున్నట్టు కనిపించింది.

“మీ ఊపిరి మీ ఇష్టమే అత్తయ్యా,” అంది. “మరి ఆ పసికందుల ఊపిరో?”

“ఏ పసికందులు?”

“ఏడుస్తూ అది చెప్పలేదా ఆయన? రేపు పొద్దున పిల్లల ఆసుపత్రికి పోతోంది ఆ సరుకు. నెల నిండని పిల్లలుండే వార్డుకి.”

 మిషను ఒక్కటే సన్నగా పాడుతోంది. అత్తగారి వేళ్ళు దుప్పటి అంచు మీద కదిలాయి, ఒకప్పుడు ఎక్స్ఛేంజి బోర్డు మీద తీగలు పీకి పెట్టిన వేళ్ళు.

“వాడితో నేను మాట్లాడతా. ఆపమంటా. అమ్మ మాట వింటాడు.”

“ఇన్నాళ్ళూ విన్నది ఇలాగేనా? నేను ఆసుపత్రికి ఫోన్ చేస్తున్నాను.”

“చేశావంటే వాడు జైల్లో కూర్చుంటాడు. వాడితో పాటు నీ తోడికోడలు కూడా. దాని చేతులు కాదా కట్టింది?” అత్తగారి గొంతు ఉన్నట్టుండి గట్టిపడింది. ఆ బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో. “ఆ ఫోన్ చేస్తే నువ్వు ఈ ఇంటి కోడలివి కావు. వింటున్నావట్రా? మీ ఆవిడకి చెప్పు.”

చిన్నకొడుకు గుమ్మంలోంచి కదల్లేదు.

“చెప్పండి,” అంది ఆమె అతని వైపు తిరిగి. “మీరేమంటారో చెప్పండి. పొద్దున బస్సెక్కి ఎక్కడికి పోయారు?”

“అన్నయ్య కొట్టుకి. నువ్వు వస్తావేమోనని చెప్పడానికి.” అతను తలుపు గొళ్ళెం పట్టుకున్నాడు. “కానీ చెప్పలేకపోయా. రోడ్డుకి అవతల నిలబడి వెనక్కొచ్చేశా.”

“మీకు ముందే తెలుసు.”

“అంతా తెలీదు.”

“ఎంత తెలుసు?”

అతను తల్లివైపు చూశాడు. ఆవిడ కళ్ళు మూసుకుంది. ఇంక సర్దడానికి అతని దగ్గర మాటలు లేవు.

“సీలు మిషను పట్టీ కాలిపోయిందని అన్నయ్య ఇంటికి పట్టుకొచ్చాడు. నువ్వు డ్యూటీలో ఉన్నావు. మార్చిచ్చాను. కవర్లు అతికించడానికన్నాడు. పాత సరుకుకి కొత్త కవర్లెందుకు అని అడగబోయి... అడగలేదు. అడిగితే చెప్తాడని భయమేసింది.”

అతని చేతులు ఎప్పుడూ శుభ్రంగా ఉంటాయి. పని అయ్యాక కిరసనాయిలుతో గ్రీజు పోగొట్టుకుని, సబ్బుతో కడుక్కుని గానీ ఇల్లు చేరడు. ఆ చేతుల్నే చూసింది ఆమె. గోడౌనులో పెద్దకోడలి గోళ్ళు చూసినప్పటికన్నా ఎక్కువ అసహ్యం వేసింది. ఆవిడకి ఎంత మురికి అంటుకుందో ఆవిడకైనా తెలుసు.

ఫోన్ తీసింది. ఆసుపత్రి నంబరు వెతికి నొక్కింది.

“అమ్మాయ్!” అంది అత్తగారు. ఆ మాటతో దగ్గు ముంచుకొచ్చింది. మనిషి ముందుకు వంగిపోయింది. చిన్నకోడలు ఫోన్ చెవిన పెట్టుకునే, రెండో చేత్తో ఆవిడ వీపు నిమిరింది. దగ్గుతూనే అత్తగారు ఆ చేతిని తోసేసింది.

అవతల మోగుతోంది. ఎవరో ఎత్తారు.

“పిల్లల ఆసుపత్రి. చెప్పండి.”

ఆమె నోరు తెరిచింది. అప్పటికి చిన్నకొడుకు గదిలోకి వచ్చేశాడు. మంచం దాటి, మిషను దాటి, ఆమె ఎదురుగా నిలబడ్డాడు. మొహం పాలిపోయి ఉంది. చెయ్యి చాచాడు.

“ఇలా ఇవ్వు.”

మాట్లాడటానికి అడుగుతున్నాడో, పెట్టేయడానికి అడుగుతున్నాడో అతని కళ్ళలో కనిపించలేదు. ఇన్నేళ్ళ కాపురంలో మొదటిసారి ఆమెకి తన భర్త ఏం చేస్తాడో తెలియలేదు.

“హలో? ఎవరండీ? వినపడుతోందా?”

ఆమె ఫోన్ అతని చేతిలో పెట్టింది.